చేప ఇసుకలో దూరుతుందా, జల్లిస్తుందా, ఇల్లు కడుతుందా: బరంపురం ఉప్పునీటి ట్యాంకు డైరీ

ట్యాంకు 120 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు. అంచుల దాకా నింపితే 270 లీటర్లు. ఊరు బరంపురం, ఒడిశాలోని గంజాం జిల్లా. సముద్రం గోపాల్‌పూర్‌లోనే ఉంది, ఇసుకకు కొదవ లేదు. కానీ ఆ ఇసుక ట్యాంకు అడుగున వేయడానికి ఎందుకు పనికిరాలేదో, చివరికి ఏది పనికొచ్చిందో కొలతలతో రాస్తున్నాను. ట్యాంకు, స్టాండు, చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం), ఉప్పు, చేపల ఖర్చు లెక్కలో వేయలేదు. ఇసుకకూ, ఇసుక వల్ల వచ్చిన పనులకూ అయిన ఖర్చు మాత్రమే.

పెంచాలనుకున్నవి ఇవి:

1. ఎల్లో ర్యాస్. శాస్త్రీయ నామం హాలికోరిస్ క్రైసస్. 12 సెం.మీ. దాకా పెరుగుతుంది. రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది. బెదిరితే పగలైనా అంతే.
2. డైమండ్ గోబీ. నోటినిండా ఇసుక తీసుకుని, అందులోని పురుగూ పుట్రా మింగి, ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తుంది. మనం పులుసు పెట్టుకునే ఇసుకదొందుకు ఇది దూరపు చుట్టం.
3. ఎల్లో వాచ్‌మన్ గోబీ, దానికి తోడు టైగర్ పిస్టల్ రొయ్య. రొయ్య బొరియ తవ్వుతుంది, గోబీ గుమ్మంలో కాపలా ఉంటుంది. రొయ్యకు చూపు తక్కువ. ఒక మీసం గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది, గోబీ తోక ఆడించగానే లోపలికి పోతుంది.

ఎవరిని అడిగినా “సన్న ఇసుక వేయండి” అనో “కొంచెం ముతకది మంచిది” అనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పై మూడింటికీ ఇసుకతో ఉన్న పని మూడు రకాలు. ఒకటి ఇసుకలోకి దూరుతుంది, ఒకటి జల్లిస్తుంది, ఒకటి దానితో ఇల్లు కడుతుంది. మొదటి రెండింటికీ సన్నగా, గుండ్రంగా ఉండాలి. మూడోదానికి అదే సన్న ఇసుక ఒక్కటీ వేస్తే బొరియ నిలవదు.

దశ 1: నమూనాలు

నాలుగు రకాలు పరీక్షించాను.

1. గోపాల్‌పూర్ ఇసుక. పిల్లల ఆటబకెట్‌లో ఇంటికొచ్చినది, పావుకిలో లోపే.
2. రుషికుల్య నది ఇసుక. ఎదురింట్లో స్లాబ్ కోసం దింపిన కుప్పలోంచి అడిగి తెచ్చుకున్నది.
3. మొజాయిక్ చిప్స్‌లో అన్నిటికన్నా సన్న రకం. పెద్ద బజారు హార్డ్‌వేర్ కొట్లో కొన్నాను. పాలరాయిని పగలగొట్టి చేసిన రవ్వ ఇది.
4. అరగొనైట్ ఇసుక. అక్వేరియం కోసమే సంచుల్లో అమ్మేది, ఒక కిలో నమూనా చెన్నై నుంచి.

జల్లెడల కోసం మా బావగారిని పట్టుకున్నాను. ఆయన సివిల్ లేబ్‌లో పనిచేస్తారు. కాంక్రీటు ఇసుకను ఐఎస్ 383 అనే భారత ప్రమాణం ప్రకారం చూసే జల్లెడలే ఇవి: 4.75 మి.మీ., 2.36, 1.18, ఆపైన 600, 300, 150 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మి.మీ.).

“బావా, ఇది కాంక్రీటుకి కాదు, చేపకి” అంటే, “చేపకైనా స్లాబ్‌కైనా గ్రేడింగే కదరా, ముందు ఆరబెట్టి తీసుకురా” అన్నారు. గ్రేడింగ్ అంటే ఏ సైజు గింజలు ఎంత ఉన్నాయన్న లెక్క. ఆ మాట తర్వాత చాలా పనికొచ్చింది.

అరగొనైట్, 500 గ్రాములు జల్లిస్తే ఒక్కో జల్లెడ మీద ఆగిన లెక్క:

- 2.36 మి.మీ. జల్లెడ మీద 15 గ్రాములు
- 1.18 మీద 120
- 600 మైక్రాన్ మీద 265
- 300 మైక్రాన్ మీద 80
- దాని కిందికి 20

నది ఇసుక, 500 గ్రాములు:

- 4.75 మీద 25, 2.36 మీద 50
- 1.18 మీద 110, 600 మైక్రాన్ మీద 145
- 300 మీద 120, 150 మీద 40, అడుగున 10

తేడా చూడండి. అరగొనైట్‌లో సగానికి పైగా ఒకే జల్లెడ మీద ఆగింది, అంటే గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజు. నది ఇసుకలో అన్ని సైజులూ ఉన్నాయి. కాంక్రీటుకు కావాల్సింది రెండోది. ర్యాస్‌కు కావాల్సింది మొదటిది. రొయ్యకు ఏది కావాలో అప్పటికి నాకు తట్టలేదు.

ఇక ఒక్కో ఇసుక సంగతి.

గోపాల్‌పూర్ ఇసుక చేతికి తీసుకుంటేనే బరువు తెలుస్తుంది. లీటరు మగ్గులో పోసి తూస్తే 1.9 కిలోలు వచ్చింది. నది ఇసుక 1.52, అరగొనైట్ 1.4. కారణం ఈ తీరమంతా తెలిసినదే. తూర్పు కనుమల్లోని ఖోండలైట్ లాంటి రాళ్లు అరిగి, నదుల వెంట కొట్టుకొచ్చిన బరువైన ఖనిజాలను అలలు ఒడ్డున పేరుస్తాయి. నల్లటి చారలు ఇల్మెనైట్, ఎర్రటివి గార్నెట్. వాటితో పాటు సిల్లిమనైట్, జిర్కాన్, రుటైల్, మోనజైట్. ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వారి ఓస్కామ్ కర్మాగారం ఉన్నది వీటిని వేరుచేయడానికే. మామూలు క్వార్ట్జ్ సాంద్రత 2.65 అయితే ఇల్మెనైట్‌ది సుమారు 4.7.

పాడైపోయిన హార్డ్‌డిస్క్‌లోంచి తీసిన నియోడిమియం అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి ఈ ఇసుకలో తిప్పాను. నల్ల గింజలు కవరుకు పొరలా పట్టేశాయి. ఇదొక్కటి చాలు వద్దనడానికి. అద్దం మీద పాచి గీకే క్లీనర్‌లోనూ అయస్కాంతమే, నీళ్లను కదిలించే వేవ్ మేకర్ మోటారులోనూ అయస్కాంతమే. ఒక్క గింజ క్లీనర్‌కు పట్టుకుని అద్దం మీద తిరిగితే గీత శాశ్వతం. మోటారులోకి పోతే చక్రం అరుగుతుంది. గార్నెట్ సంగతి చెప్పనక్కర్లేదు, సాండ్‌పేపర్‌లో వాడే సరుకు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. గుప్పెడుతో ఏమీ కాదు గానీ, 50 కిలోలు తెచ్చి హాల్లో పెట్టుకోవలసిన వస్తువు కాదు. అన్నిటికీ మించి, తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) పరిధిలో ఇసుక తవ్వుకుపోవడం నిషేధం. సముద్రపు ఇసుక సముద్రపు చేపకు పడుతుందిలే అనుకునేవాళ్లు, ముఖ్యంగా గంజాం, శ్రీకాకుళం తీరంలో ఉన్నవాళ్లు, ముందు అయస్కాంతం పెట్టి చూడండి.

నది ఇసుకను కడిగి 10 రెట్ల భూతద్దం కింద చూస్తే గింజలకు మూలలున్నాయి. మధ్యలో అభ్రకం రేకులు మెరుస్తున్నాయి, అక్కడక్కడ ఎర్రటి గార్నెట్ కూడా. 300 మైక్రాన్ నుంచి 1.18 మి.మీ. వరకు ఉన్న భాగం 53 శాతం. జల్లించి తీస్తే దూరే చేపకు సైజు సరిపోతుంది, మూలలు మాత్రం పోవు. వేరే దారి లేకపోతే నది ఇసుక కన్నా ఈతకొలను ఫిల్టర్‌కు వాడే క్వార్ట్జ్ ఇసుక నయం. కొనేముందు చిటికెడు తీసుకుని భూతద్దంలో గుండ్రదనం చూసుకోండి. క్వార్ట్జ్ వేస్తే సిలికేట్ కరిగి గోధుమరంగు పాచి పెరుగుతుందని బెదిరిస్తుంటారు గానీ, ఇసుక రూపంలో ఉన్న క్వార్ట్జ్ ఆ నీళ్లలో కరిగేది దాదాపు ఏమీ ఉండదు.

అలాగే, అరగొనైట్ వేస్తే పీహెచ్ నిలబడుతుందన్న మాట మీద డబ్బు పెట్టకండి. వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది, నిజమే, అది కాల్షియం కార్బొనేట్. కానీ 8.2 దగ్గర ఉండే ట్యాంకు నీళ్లలో అది కరగదు. నేను అరగొనైట్‌కు డబ్బు పెట్టింది గింజ గుండ్రంగా, అరిగి ఉన్నందుకే.

మొజాయిక్ చిప్స్ కూడా వెనిగర్‌కు పొంగాయి, ధర కూడా చవక. భూతద్దం కింద మాత్రం ప్రతి ముక్కకూ కోసే అంచు ఉంది. విశాఖలో ఒక మిత్రుడి ట్యాంకులో ఇలాంటి రవ్వ మీద పెరిగిన ర్యాస్‌ను చూశాను. రెండు పక్కలా పొలుసులు లేచి, మూతి మీద తెల్లటి గాటు. రోజూ రెండుసార్లు ఇసుకలోకి దూకే చేపకు అది తప్పదు.

ఇప్పటిదాకా ఖర్చు: భూతద్దం 180, చిప్స్ 60, అరగొనైట్ నమూనా 320, వెనిగర్ 40. మొత్తం రూ. 600.

దశ 2: లోతు, బరువు లెక్క

ట్యాంకును రెండు గదులుగా విభజించాను. ఎడమవైపు 80 సెం.మీ. పొడవున ర్యాస్ కోసం 6 సెం.మీ. లోతు. కుడివైపు 40 సెం.మీ. రొయ్య కోసం 12 సెం.మీ. లోతు.

1. ఎడమ గది: 80 × 45 × 6 = 21.6 లీటర్లు. లీటరుకు 1.4 చొప్పున 30.2 కిలోలు.
2. కుడి గది: 40 × 45 × 12 = ఇదీ 21.6 లీటర్లే. కానీ అంతా సన్న ఇసుక కాదు.
3. మధ్యలో 45 × 11 సెం.మీ. గాజుపట్టీ, 5 మి.మీ. మందం, అడుగుకు సిలికాన్‌తో అంటించాలి.

కుడి గదికి చాలామంది చెప్పే కొలత రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ముక్కలు. ముక్కలంటే విదేశాల్లో పగడపు ముక్కలు వాడతారు. మన దగ్గర ఆ ఆలోచనే వద్దు. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన ముక్క ఇంట్లో ఉన్నా కేసే. అందుకని 2 నుంచి 5 మి.మీ. అరగొనైట్ గుల్లరవ్వ ఒక సంచి తీసుకున్నాను. చేతిలో వేసుకుని నలిపితే గుచ్చుకోదు.

కలపడంలో ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకుంటే మంచిది. 10 లీటర్ల ఇసుకలో 5 లీటర్ల రవ్వ కలిపితే 15 లీటర్లు రాదు. రవ్వ సందుల్లోకి సన్న ఇసుక దిగిపోతుంది, నాకు 13.4 వచ్చింది. సంచుల లెక్క వేసేటప్పుడు పదోవంతు అదనంగా పట్టుకోండి.

కుడి గదికి 13 లీటర్ల ఇసుక, అంటే 18.2 కిలోలు. రెండు గదులకూ కలిపి సన్న ఇసుక 48.4 కిలోలు. 9 కిలోల సంచులు ఆరు తెప్పిస్తే 54 కిలోలు. అందులో 2.36 మి.మీ. పైన ఆగే 3 శాతం, 300 మైక్రాన్ కిందికి పోయే 4 శాతం తీసేస్తే 50.2 మిగులుతుంది. సరిపోతుంది.

ఖర్చు: సన్న ఇసుక 6 సంచులు, రవాణాతో కలిపి ఒక్కోటి 2,600 చొప్పున 15,600. గుల్లరవ్వ సంచి 2,800. గాజుపట్టీ, సిలికాన్ 570. ఇప్పటిదాకా మొత్తం రూ. 19,570.

దశ 3: కడగడం, రాళ్లు, నింపడం

1. పెయింటు బకెట్‌లో ఒకసారికి 5 కిలోలు. బియ్యం కడిగినట్టు చేత్తో కలిపి, తెల్లనీళ్లు వంచేయాలి. నీళ్లు తేటపడే వరకు ఏడెనిమిది సార్లు పట్టింది. 300 మైక్రాన్ కన్నా సన్నది చాలావరకు ఇక్కడే పోతుంది, పోనివ్వండి.
2. ఆఖరి కడుగు ఆర్‌ఓ నీళ్లతో. కుళాయి నీళ్లలోని క్లోరిన్ వాసన వచ్చినంత కాలం ఆపొద్దు.
3. రాళ్లు ముందు, ఇసుక తర్వాత. ఇది మాత్రం ఎవరూ తప్పకూడదు. ఇసుక మీద రాయి పెడితే తవ్వే చేప దాని కింద ఖాళీ చేస్తుంది, రాయి కూలుతుంది, చేప మీదో గాజు మీదో పడుతుంది.

నా రాళ్లు సిమెంటు పోత, నీళ్లు మార్చి మార్చి పీహెచ్ దిగాక వాడినవి. ప్రతి రాయికీ ఒక అంగుళం పీవీసీ పైపు ముక్కలు కాళ్లుగా పెట్టి, నేరుగా అడుగు గాజు మీద నిలబెట్టాను. కాళ్లు ఎడమ గదిలో 7 సెం.మీ., కుడి గదిలో 13. రాయి ఇసుకకు పైన ఆనీ ఆననట్టు ఉంటుంది. కింద ఎంత తవ్వుకున్నా కదలదు. పైపు కోసిన చోట లేచే బర్రు (గరుకు అంచు) ఎమెరీ కాగితంతో తీసేయాలి.

4. ఇసుక పోశాక మీద ఒక పళ్లెం పెట్టి, దాని మీద సన్నధారగా నీళ్లు. లేకపోతే కడిగినదంతా మళ్లీ లేస్తుంది.
5. బయట గాజు మీద మార్కర్‌తో ఇసుకమట్టం గీత, 10 సెం.మీ.కు ఒకటి. తర్వాతి కొలతలన్నీ ఈ గీతల మీదే.

పైపులు, మూతలు 410. మొత్తం రూ. 19,980. ట్యాంకులో సన్న ఇసుక 48.4 కిలోలు, రవ్వ సుమారు 10.

అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చేదాకా ఆగడం మామూలే, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఉప్పు 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు), నీళ్లు 26 డిగ్రీలు. మే నెలలో ఇక్కడ చిల్లర్ లేనిదే కుదరదు.

చేప రాకముందే ఒక లోపం బయటపడింది. వేవ్ మేకర్ ఎదురుగా ఉన్న మూలలో గీత 6 నుంచి 2 సెం.మీ.కు పడిపోయింది, అవతలి మూలలో 9కి పేరుకుంది. గింజ ముతకగా ఉంటే కదిలేది కాదు, కానీ ముతకది ర్యాస్‌కు పడదు. మార్చవలసింది ఇసుకను కాదు, నీటి తాకిడిని. వేవ్ మేకర్‌ను 12 సెం.మీ. పైకి జరిపి, ముఖం ముందు గాజు పైభాగం వైపు తిప్పి, వేగం ఒక మెట్టు తగ్గించాను. 2 సెం.మీ. చోట చేత్తో సర్దాక మళ్లీ 5 కిందికి దిగలేదు. 9 ఉన్న మూలను కావాలనే అలాగే వదిలేశాను.

దశ 4: ర్యాస్

చెన్నై నుంచి రైల్లో వచ్చిన పెట్టె. ముందు క్వారంటైన్ ట్యాంకు. అడుగున ఇసుక లేని గాజుట్యాంకులో ర్యాస్‌ను పెడితే గాజుకే మూతి కొట్టుకుంటుంది. వంటింట్లో సరుకులు పోసుకునే 30 × 20 సెం.మీ. ప్లాస్టిక్ డబ్బాలో 8 సెం.మీ. ఇసుక పోసి లోపల పెట్టాను. పది నిమిషాల్లో అందులోకి పోయింది. మందు వేయవలసివస్తే డబ్బా మూతపెట్టి ఎత్తేయొచ్చు, ఇసుక మారిస్తే సరిపోతుంది.

పెద్ద ట్యాంకులోకి మార్చాక మాయం. ఇలాంటప్పుడు చాలామంది టెన్షన్ పడి ఇసుక తవ్వి చూస్తారు. తవ్వొద్దు. కొత్త చోటికి వచ్చిన ర్యాస్ కొన్ని రోజులు బయటికి రాకపోవడం మామూలే, దాని నిద్రవేళలు కూడా వచ్చిన చోటివే. దానంతట అదే వచ్చింది, మొదట మధ్యాహ్నం పూట కాసేపు.

దగ్గరగా చూస్తే ఆ దూకుడు బాగుంటుంది. ఒక్కసారిగా పక్కకు ఒరిగి, తల ఇసుకకు ఆనించి, తోక నాలుగైదుసార్లు విదిలిస్తుంది. ఒళ్లంతా లోపలికి పోయాక పైన ఇసుక ఒక్క క్షణం ఉబ్బి మళ్లీ చదునవుతుంది. పొద్దున్న లేచేటప్పుడు ముందు కళ్లు, మూతి మాత్రమే బయట పెట్టి చాలాసేపు అలాగే ఉంటుంది. భూతద్దం అక్కర్లేకుండానే పక్కలు చూశాను, ఒక్క పొలుసు లేవలేదు.

ఎక్కడ పడుకుంటుందో గీతల దగ్గర రాసుకున్నాను. ఎక్కువ రాత్రులు ఆ 9 సెం.మీ. మూలలోనే. మిగతా రాత్రులు 6 ఉన్న చోట. 4 కన్నా తక్కువ ఉన్న రాళ్ల వెనక ఒక్కసారి కూడా దూరలేదు. లోతుకు 5 సెం.మీ. చాలంటారు, పిల్ల చేపకు చాలు. పెరిగిన చేపకు కనీసం ఒక మూలలో 8 పైన ఉండనివ్వండి. ట్యాంకంతా అంత వేయక్కర్లేదు, డబ్బు దండగ.

దశ 5: రొయ్య ఇల్లు కూలింది

కుడి గదిలో రెండు పాళ్ల ఇసుక, ఒక పాలుకు కాస్త ఎక్కువ రవ్వ. 20.5 లీటర్లు కలిస్తే 18.3 అయింది, లోతు 10 సెం.మీ. మిగతా 2 సెం.మీ. తర్వాత చూద్దామని వదిలేశాను.

రొయ్య రాయి కాలు పక్కనే తవ్వడం మొదలుపెట్టింది. అడుగు గాజు దాకా దిగి, గాజు వెంబడే పక్కకు తిరిగింది, ఎర్రటి టార్చ్ వేస్తే సొరంగం కనపడేది. తెల్లారేసరికి కప్పు కుంగి ఉండేది, గుమ్మం చెయ్యెడు దూరానికి మారేది. వాచ్‌మన్ గోబీ కాపలాకు గుమ్మమే లేక రాయి మీద కూర్చునేది. ఇదే పదేపదే.

మధ్యలో ఇంట్లో ఒక గోల. రొయ్య పెద్ద డెక్కను టక్కున మూస్తే వచ్చే చప్పుడు రాత్రిపూట హాలంతా వినపడుతుంది. అమ్మ లేపింది, “ఒరేయ్, గాజు పగులుతున్నట్టుంది, లేచి చూడు.” మీ ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

కూలడానికి కారణం వెతుకుతుంటే బావగారు అన్న గ్రేడింగ్ మాట గుర్తొచ్చింది. ఒడ్డున పిల్లలు కట్టే ఇసుకగుడి నిలబడేది గింజల మధ్య కొంచెం నీళ్లు, కొంచెం గాలి ఉండి, ఆ నీటి తలతన్యత గింజలను పట్టి ఉంచడం వల్ల. అల వచ్చి ముంచితే ఆ పట్టు పోతుంది. ట్యాంకులో ఇసుక ఎప్పుడూ పూర్తిగా మునిగే ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పట్టు అసలు ఉండదు. ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కోవడం, పైన అడ్డంగా దూలంలా ఏదైనా పడటం, ఈ రెండే దిక్కు. నా మిశ్రమంలో 5 మి.మీ. దాటిన ముక్క ఒక్కటీ లేదు.

దీన్ని ట్యాంకు బయట పరీక్షించాను. మీరూ చేయొచ్చు:

1. క్వారంటైన్‌కు వాడిన డబ్బాలాంటిదే ఇంకొకటి. ఉప్పునీళ్లు నిండా.
2. వైరింగ్‌కు వాడే 20 మి.మీ. పైపు ముక్కను అడుగున పడుకోబెట్టాలి, ఒక కొన డబ్బా గాజు వైపు కనపడేలా. ప్లాస్టిక్‌దైనా పారదర్శకంగా ఉంటే చాలు.
3. మీద 6 సెం.మీ. మిశ్రమం పోయాలి.
4. పైపును తిప్పుతూ మెల్లగా లాగేయాలి. తర్వాత డబ్బాను వేలితో పదిసార్లు తట్టాలి.

ఫలితాలు:

- సన్న ఇసుక ఒక్కటే: పైపుతో పాటే మూసుకుపోయింది, పైన గాడి పడింది.
- రెండు పాళ్ల ఇసుక, ఒక పాలు రవ్వ: మొదట 5 మి.మీ. సందు మిగిలింది, నాలుగో తట్టుకు పోయింది.
- నది ఇసుక, కాంక్రీటు గ్రేడింగ్‌తో ఉన్నది ఉన్నట్టు: దాదాపు అదే. కొంచెం ఎక్కువసేపు ఆగింది, అంతే.
- ఇసుక, రవ్వ, వాటితో పాటు 15 నుంచి 30 మి.మీ. బల్లపరుపు చిప్పముక్కలు కలగాపులగంగా: సగం పొడవు నిలిచింది.
- అవే చిప్పముక్కలను పైపు మీద అడ్డంగా పేర్చి, మీద మిశ్రమం: పది తట్లకూ కదల్లేదు.

ఆఖరిది చేయవలసింది రొయ్యే, నేను కాదు. దానికి సరుకు అందుబాటులో పెట్టాలి. చేపల మార్కెట్‌లో దొరికే ఆల్చిప్పలను కూర వండాక పక్కన పెట్టించాను. మాంసం పీచు లేకుండా గీకి, ఉడికించి, బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, వారంపాటు ఎండలో ఆరబెట్టాను. కటింగ్ ప్లేయర్‌తో ముక్కలు చేసి అంచులు ఎమెరీ రాయి మీద రుద్దాను. ఇది విసుగు పని, వదలకూడదు. మొత్తం 4.5 లీటర్లు. ఒక పాలు కుడి గది ఇసుకలో కలిపి, ఒక పాలు పైన చల్లాను. లోతు 10 నుంచి 12కు వచ్చింది.

రొయ్య ఒక్కో ముక్కనూ ముందుకాళ్లతో తోసుకుంటూ, తనకన్నా పెద్దది అడ్డొస్తే తిప్పి అటూ ఇటూ చూసుకుని, గుమ్మం పైన ఆనించింది. ఇప్పుడు గుమ్మానికి మూడు చిప్పలు ద్వారబంధంలా ఉన్నాయి. ఆ తర్వాత గుమ్మం మారలేదు. గోబీ కూడా దిగి కూర్చుంది.

లోతు పెరిగితే వచ్చే ఇంకో సంగతి. కుడి గదిలో గాజు పక్కన 4 సెం.మీ. కింద నల్లటి మచ్చలు కనపడ్డాయి. ఆక్సిజన్ అందని చోట ఏర్పడే ఐరన్ సల్ఫైడ్ అది, కెలికితే కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొస్తుంది. సొరంగం చుట్టూ వేలెడు మేర మాత్రం ఇసుక తెల్లగానే ఉంది, రొయ్య లోపల నీళ్లు ఆడిస్తూ ఉంటుంది కాబట్టి. మచ్చల జోలికి వెళ్లకండి, పుల్లతో పొడవకండి. కరెంటు పోతే లోతైన ఇసుక మొదట ఆక్సిజన్ తినేస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అప్పుడు కరెంటు ఎలా పోయిందో ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. బ్యాటరీ ఏర్ పంపు ఒకటి ఛార్జింగ్‌లోనే ఉంచుతున్నాను.

దశ 6: డైమండ్ గోబీ, ఉండలేకపోయింది

ఇసుక సైజు దీనికి సరిగ్గానే పడింది. ఎడమ గదిలో నోరు పెడితే మొప్పల్లోంచి రెండు సన్నధారలుగా రాలేది. కుడి గదిలోకి వెళ్లి రవ్వ మీద నోరు పెట్టినప్పుడు మొప్పల దాకా పోనిచ్చేదే కాదు, నోట్లోంచే ఊసేసేది. కాబట్టి 1 మి.మీ. చుట్టుపక్కల ఇసుక దీనికి సరైనదని నా లెక్క.

చిక్కు రెండు. ఒకటి, నోటినిండా తీసుకుని పైకి ఈది ఎక్కడపడితే అక్కడ వదలడం. గాజుపట్టీ దానికి అడ్డే కాదు. ఎడమ గది గీత 6 నుంచి 5.2కు దిగింది, కుడి గదిలో రొయ్య గుమ్మం మీద సన్న ఇసుక పడుతూనే ఉంది. రొయ్య రోజంతా తోడుకోవడమే. రెండోది ఇంకా పెద్దది. కొత్త ట్యాంకు ఇసుకలో దానికి తినడానికి ఏ పురుగూ ఉండదు. మైసిస్ రొయ్యలు రోజుకు మూడుసార్లు వేసినా పొట్ట లోపలికే పోయింది. పైనుంచి చూస్తే తల వెనక వీపు సన్నబడటం స్పష్టంగా తెలిసింది.

విశాఖ మిత్రుడు చిప్స్ తీసేసి మంచి ఇసుక వేశాడు. అతనికి ఇంకో పాత ట్యాంకు ఉంది, పెద్దది, ఇసుక నిండా పురుగులు. గోబీ అక్కడికి వెళ్లింది, పొట్ట మళ్లీ నిండిందని ఫొటో పంపాడు. ఏడాది నిండని ట్యాంకులో, అందులోనూ బొరియ కట్టే జంట ఉన్నచోట, డైమండ్ గోబీ వద్దని నా అభిప్రాయం.

దశ 7: మూత, ఇప్పటి లెక్క

ఇసుకలో దూరే చేపలు దూకే చేపలు కూడా. 6 మి.మీ. కన్ను ఉన్న వలను అల్యూమినియం చట్రంలో బిగించి మూతగా పెట్టాను, వైరు వెళ్లే సందు కూడా స్పాంజితో మూశాను. 740 రూపాయలు.

ఖర్చు మొత్తం: రూ. 20,720.

ఇసుక: ఎడమ గదిలో గోబీ పోయాక సర్దితే సగటు 5.6 సెం.మీ., ర్యాస్ మూలలో 8.5. కుడి గదిలో 12. సంచుల్లోంచి మిగిలిన కడిగిన ఇసుక 1.8 కిలోలు డబ్బాలో ఉంది. ఎడమ గది సగటు 5 కిందికి వస్తే అది వేస్తాను. పైనుంచి పోయకుండా, అంగుళంన్నర పీవీసీ పైపును ఇసుక దాకా దింపి, వేవ్ మేకర్ ఆపి, పైపులోంచి మెల్లగా వదలాలి. అదీ మధ్యాహ్నం, ర్యాస్ బయట తిరుగుతున్నప్పుడు మాత్రమే.